ఇంటర్న్ జీతంతో మ్యూజియంలు, కచేరీలు చూడాలంటే

ఆఫీసు ఐడీ చూపించినా విద్యార్థి రాయితీ ఇవ్వలేదని, ఆరింటికి బయటపడేసరికి మ్యూజియంలు మూసేస్తున్నారని మీరు నాకు రాశారు. రెండింటికీ దారి ఉందండీ.

ఆఫీసు కార్డు మీరు ఉద్యోగి అని చెబుతుంది, విద్యార్థి అని కాదు. అందుకే చెల్లలేదు. ఇంకా ఫుల్‌టైమ్ కోర్సులో పేరుంటే ఐఎస్ఐసీ (అంతర్జాతీయ విద్యార్థి గుర్తింపు) కార్డు తీసుకోండి. చదువైపోతే 31 ఏళ్లలోపు వారికి ఐవైటీసీ (అంతర్జాతీయ యువ ప్రయాణికుల కార్డు) ఉంది. కొన్నిచోట్ల రాయితీ చదువును బట్టి కాదు, వయసును బట్టి ఇస్తారు. అక్కడ పాస్‌పోర్ట్ చాలు. ఒకటి మాత్రం మరిచిపోవద్దు: ఆన్‌లైన్‌లో రాయితీ టికెట్ కొన్నా, గేటు దగ్గర కార్డు లేకపోతే తేడా కట్టించుకుంటారు. ఫోన్లో తీసిన కార్డు ఫొటోను నమ్ముకోకండి.

చాలా పెద్ద మ్యూజియంలు వారంలో ఒకరోజు రాత్రిదాకా తెరిచి ఉంటాయి. ఆ రోజే వెళ్లి, ఒక్క విభాగమే తీరిగ్గా చూడండి. అన్నీ చుట్టేస్తే కాళ్ల నొప్పులే మిగులుతాయి. మూసేవేళకు అరగంట, గంట ముందే ప్రవేశం ఆపేస్తారు. లాప్‌టాప్ బ్యాగు వీపున వేసుకుంటే చాలాచోట్ల రానివ్వరు, లాకర్‌కి ఒక నాణెం జేబులో ఉంచుకోండి.

కచేరీలకైతే, మిగిలిన సీట్లను మొదలవడానికి గంట ముందు చవగ్గా అమ్మే హాళ్లున్నాయి. స్తంభం అడ్డొచ్చే సీటైనా సంగీతానికి లోటుండదు. ఆలస్యమైతే మాత్రం విరామందాకా బయటే నిలబెట్టొచ్చు.