ముందు బాబు మోస్తున్న మాటను దింపండి, బీరు సంగతి తర్వాత

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఏటా క్రిస్మస్ సెలవులకు డెన్వర్ దగ్గరున్న మా బావగారింటికి వెళ్లి పది రోజులు ఉంటాం. కొలరాడోలో ఎక్కడ చూసినా సొంతంగా క్రాఫ్ట్ బీరు తయారుచేసే చోట్లే. మావారికి, బావగారికి అదో పెద్ద సరదా. మధ్యాహ్నం భోజనాలు కాగానే "ఊరికే రుచి చూసొస్తాం" అని బయల్దేరతారు. నేను, తోడికోడలు నలుగురు పిల్లలతో, వంటతో ఇంట్లో ఉంటాం. పోయిన డిసెంబరులో మా తొమ్మిదేళ్ల బాబుని కూడా ఫోర్ట్ కాలిన్స్ తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు ఆడుకోవడానికి బోర్డ్ గేములు ఉంటాయట. అలాంటి రెండు చోట్లకి వెళ్లి, మొత్తం మూడు గంటల్లో చెరో పది చిన్న గ్లాసులు రుచి చూశారట. తిరిగొస్తుంటే మంచులో కారు జారి పక్క లేన్‌లోకి పోయింది. ఇదంతా నాకు తెలిసింది మొన్న దసరాకి. రాత్రి పడుకోబోతూ బాబు "నాన్న నీకు చెప్పొద్దన్నాడమ్మా" అంటూ చెప్పాడు. మావారిని అడిగితే "అది తాగడం కాదు, టేస్టింగ్. నీకు అర్థం కాదులే" అన్నారు. ఈసారి తెనాలి నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు కూడా వచ్చి ఉన్నారు. మామయ్యగారికి షుగరుంది, మాత్రలు వాడతారు. ఆయన్నీ తీసుకెళ్తానంటున్నారు. అత్తయ్యగారిని కదిపితే "నీ మొగుడికి నువ్వే చెప్పుకోవాలి" అన్నారు. మామూలు రోజుల్లో ఆయన తాగరు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ పది రోజుల్లో అన్న పక్కన నవ్వినంతగా మా ఇంట్లో ఆయన ఏడాదంతా నవ్వరు. ఈసారి వెళ్లడం మానేయమంటారా?
— ఓ సోదరి, డాలస్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకచోటే ఆగిపోయాను. "నాన్న నీకు చెప్పొద్దన్నాడమ్మా." డిసెంబరు నుంచి దసరా దాకా పది నెలలు ఆ పిల్లాడు ఈ మాటని కడుపులో పెట్టుకుని తిరిగాడు. బడికి వెళ్లాడు, ఆడుకున్నాడు, మీ చేతి ముద్ద తిన్నాడు. కారు జారినప్పటి భయం నాలుగు రోజుల్లో పోయి ఉంటుంది. కానీ నాన్న మాట నిలబెడితే అమ్మ దగ్గర దాచినట్టు, అమ్మకి చెప్తే నాన్నని పట్టిచ్చినట్టు. ఈ నలుగుడు మాత్రం పోలేదు. పోయి ఉంటే ఆ రాత్రి మీకు చెప్పేవాడు కాదు.

అందుకని బీరు కంటే ముందు ఈ పని జరగాలి. మీవారే బాబుని కూర్చోబెట్టుకుని తన నోటితో చెప్పాలి: "నాన్నా, ఆ రోజు నేను బీరు తాగి కారు నడిపాను, తప్పు చేశాను. అమ్మకి చెప్పొద్దని నిన్ను అడగడం ఇంకా పెద్ద తప్పు. నువ్వు అమ్మకి చెప్పి మంచిపని చేశావు." ఇంతకు మించి అక్కర్లేదు. మీరు పక్కనే ఉండండి, కానీ మధ్యలో కల్పించుకోకండి. "చూశావా, నేనేం చెప్పాను" అనే మాట నోటిదాకా వచ్చినా మింగేయండి. మీకూ ఒక జాగ్రత్త. "ఇంకేం చేశారు? పెదనాన్న ఏమన్నాడు? ఎన్ని గ్లాసులు తాగారు?" అని బాబుని అడగొద్దు. ఆయన పిల్లాడి నెత్తిన రహస్యం పెట్టారు. మీరు కూపీ లాగే పని పెట్టకండి.

ఇక గ్లాసుల లెక్క. "టేస్టింగే కదా" అని మీవారు నిజంగానే నమ్ముతున్నారనుకుంటున్నాను. మూడేళ్ల కిందట చలికాలంలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేనూ ఫోర్ట్ కాలిన్స్‌లో అలాంటి చోట ఓ గంట కూర్చున్నాను. పొడవాటి చెక్క పలక తెచ్చి బల్ల మీద పెట్టారు. దానికి నాలుగు గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో బుల్లి గ్లాసు. దాన్ని 'ఫ్లైట్' అంటారని మా అల్లుడు చెప్పాడు. ఒక చివర లేత బంగారు రంగు, రెండో చివర మన కాఫీ డికాక్షన్ అంత నలుపు, పైన గోధుమరంగు నురగ. ఆ నల్లదాన్ని వాసన చూస్తే మాడిన కాఫీ గింజలు, చాక్లెట్ కలిపినట్టుంది. గ్లాసు నా పిడికిట్లో ఇమిడిపోయింది. పిడికిట్లో ఇమిడేదాన్ని ఎవరు లెక్కపెడతారు?

గోడమీద నల్లబల్ల ఉంది. ఒక్కో బీరు పేరు పక్కన ఒక అంకె: 4.8, 6.5, 9.5. అందులో ఆల్కహాలు శాతం అది. మామూలు బీరు 5 దగ్గర ఉంటుంది. ఐపీఏ అనే చేదు రకం 6, 7 దాకా పోతుంది. చలికాలంలో అందరూ ఇష్టపడే చిక్కటి నల్ల ఇంపీరియల్ స్టౌట్ 9 నుంచి 12 దాకా కూడా ఉంటుంది. అంటే డిసెంబరులో రుచి చూసేవాటిలో ఘాటైనవే ఎక్కువ. బుల్లి గ్లాసులో సుమారు 150 మిల్లీలీటర్లు పడుతుంది. పది గ్లాసులంటే లీటరున్నర. సగటున 7 శాతం వేసుకున్నా 100 మిల్లీలీటర్లకు పైగా అచ్చమైన ఆల్కహాలు. అమెరికా లెక్కలో 355 మిల్లీలీటర్ల మామూలు బీరు ఒక డ్రింకు. ఆ లెక్కన వాళ్లు చెరో ఆరు డ్రింకులు తాగారు. ఒక డ్రింకు ఒంట్లోంచి పోవడానికి దాదాపు గంట పడుతుంది. కాఫీ తాగినా, చలిగాలిలో నిలబడినా, కడుపునిండా తిన్నా ఆ గంట తగ్గదు. వాళ్లు కూర్చున్నది మూడు గంటలు. మిగతా సగం ఒంట్లో ఉండగానే స్టీరింగ్ పట్టుకున్నారు.

ఈ లెక్క కాగితం మీద వేసి మీవారికి చూపించండి. కోపంగా చెప్పిన మాటని ఆయన కోపంతో తిప్పికొట్టగలరు. గుణకారాన్ని తిప్పికొట్టలేరు.

కొలరాడోలో రక్తంలో ఆల్కహాలు 0.08 శాతానికి చేరితే డీయూఐ, అంటే తాగి నడిపిన కేసు. అంతకంటే తక్కువే అయినా 0.05 దాటితే దానికి వేరే కేసుంది. మీరు వీసా మీద ఉన్నారో, గ్రీన్‌కార్డు వచ్చిందో రాయలేదు. వీసా మీద ఉంటే ఇంకో సంగతి తెలుసుకోండి. డీయూఐలో అరెస్టయితే చాలు, కోర్టులో కేసు తేలకముందే కాన్సులేటువాళ్లు వీసా రద్దు చేయవచ్చు. ఆ తర్వాత ఏ పెళ్లికో పేరంటానికో తెనాలి వస్తే, కొత్తగా స్టాంపింగ్ అయ్యేదాకా తిరిగి వెళ్లడానికి ఉండదు. ఉద్యోగం ఒక దేశంలో, మనిషి ఒక దేశంలో. ఇలా ఇరుక్కున్న కుటుంబాలతో నేను ఫోన్లలో గంటలు గంటలు మాట్లాడాను. ఆ ఇళ్లలో భార్యల గొంతు నాకు ఇంకా చెవుల్లోనే ఉంది.

ఇంత చెప్పినా, మీవారు అన్న "నీకు అర్థం కాదు"లో కొంత నిజముందని నాకనిపిస్తోంది. దయచేసి నొచ్చుకోకండి. కొలరాడోలో అది ఉత్త తాగుడు వ్యవహారం కాదు. ఇంట్లో బీరు కాచుకోవడాన్ని చట్టబద్ధం చేసే బిల్లు మీద జిమ్మీ కార్టర్ 1978లో సంతకం పెట్టారు. ఆ మరుసటేడే బౌల్డర్‌లో చిన్న బీరు కంపెనీ ఒకటి మొదలైంది. ఉద్యోగం పోయిన ఒక భూగర్భ శాస్త్రవేత్త ఇంకొందరితో కలిసి 1988లో డెన్వర్ యూనియన్ స్టేషన్ ఎదురుగా విన్‌కూప్ అనే చోటు తెరిచారు. ఆయనే జాన్ హికెన్‌లూపర్. తర్వాత ఆ ఊరికి మేయర్, రాష్ట్రానికి గవర్నర్, ఆపైన సెనేటర్ అయ్యారు. అక్కడివాళ్లకి అది ఊరి గర్వం. మన తెలంగాణ పల్లెల్లో ఈత కల్లుకీ తాటి కల్లుకీ తేడా చెప్పే పెద్దమనిషిని ఎవరూ తాగుబోతు అనరు కదా. మీవారి ఇష్టాన్ని "తాగుడు" అని ఒక్క మాటలో తీసిపారేస్తే ఆయన చెవులు అక్కడే మూసుకుపోతాయి. మామూలు రోజుల్లో తాగని మనిషిని ఈ ఒక్క ఉత్తరం చూసి తాగుబోతు అని నేనైతే అనను. నన్ను కలవరపెట్టేవి రెండే: తాగి నడపడం, దాచడం.

మీరు చివర్లో రాసిన మాటకి వస్తాను. అన్న పక్కన ఆయన ఎక్కువ నవ్వుతారన్నారు. ఆ వాక్యం రాయడానికి మీకెంత కష్టమైందో ఊహించగలను. కానీ అది మీ మీద ఫిర్యాదు కాదమ్మా. మన ఇళ్లలో అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చుని "ఎలా ఉన్నావురా" అని అడుక్కోవడం అలవాటు లేదు. చేతిలో ఏదో ఒకటి ఉండాలి. చిన్నప్పుడు క్రికెట్ బ్యాటు, ఇప్పుడు గ్లాసు. దానిమీద మాట్లాడుతూ మాట్లాడుతూ ఉద్యోగం గురించి, అమ్మానాన్నల వయసు గురించి చెప్పుకుంటారు. ఏడాదికోసారి దొరికే ఆ మధ్యాహ్నాన్ని తీసేస్తే, దాని బదులు మీతో నవ్వుతారనుకోకండి. ఎవరితోనూ నవ్వరు. మానేయమంటారా అని మీరడిగినదానికి అందుకే వద్దంటున్నాను. వెళ్లండి. పద్ధతి మార్చుకుని వెళ్లండి.

మాట్లాడేది డాలస్‌లోనే కావాలి, సూట్‌కేసులు సర్దకముందే. బావగారింట్లో, అత్తమామల ముందు ఎత్తితే ఆయన జవాబు మీకు చెప్పరు, వాళ్లకి చెప్తారు. పిల్లలు పడుకున్నాక ఇలా మొదలుపెట్టి చూడండి: "నువ్వు అన్నయ్యతో వెళ్లడం నాకిష్టమే. తాగి నడిపిన కారులో మాత్రం బాబు ఉండడు, నువ్వూ ఉండొద్దు. ఇది మాత్రం నాకోసం ఒప్పుకో." తర్వాత ఆగండి. పాత పండగల చిట్టా విప్పకండి. కారు విషయంలో ఆయన సరే అనకపోతే బాబు వాళ్లతో వెళ్లడు. అందులో బేరం లేదు. మిగతా అన్నింట్లోనూ సర్దుకోవచ్చు.

సర్దుబాటుకి దారులు చాలానే ఉన్నాయి. రోజూ కాకుండా పది రోజుల్లో మూడు రోజులు పెట్టుకోమనండి. రోజుకి ఒకే చోటు, ఇద్దరికీ కలిపి ఒకే ఫ్లైట్. నాలుగు గ్లాసుల్లోంచి చెరో రెండు గుక్కలు చాలు, రుచి తెలుస్తుంది. రుచే అసలు ఉద్దేశమైతే ఇది ఆయనకి లోటు కాదు. రానూపోనూ ఉబర్ గానీ, చుక్క ముట్టని మనిషి నడిపే కారు గానీ ఉండాలి. అక్కడ డిసెంబరులో సాయంత్రం అయిదు కాకముందే చీకటి పడిపోతుంది, ఆ తర్వాత రోడ్డు గడ్డకడుతుంది. చాలా చోట్ల మూతపెట్టి సీలు వేసిన పెద్ద టిన్నుల్లో పోసి ఇస్తారు. డిక్కీలో పెట్టుకుని తెచ్చుకుంటే రాత్రి భోజనాలయ్యాక ఇంట్లోనే రుచి చూడొచ్చు, ఎవరూ ఎక్కడికీ నడపక్కర్లేదు. ఒకరోజు అందరూ కలిసి రైలెక్కి యూనియన్ స్టేషన్‌కి వెళ్లండి. పిల్లలకి క్రిస్మస్ దీపాలు, ఎదురుగానే వాళ్లకి విన్‌కూప్. మీరూ లోపలికి వెళ్లి కూర్చోండి. తాగక్కర్లేదు. ఆ నల్ల బీరు వాసన ఒకసారి చూసి, అందులో ఏం నచ్చుతుందో ఆయన్నే చెప్పమనండి. మా అల్లుడు చెప్తుంటే నేను విన్నాను. గంటసేపు అంత ఉత్సాహంగా అతను మాట్లాడటం నాకదే మొదటిసారి.

మామయ్యగారి విషయంలో మాత్రం మొహమాటపడకండి. షుగరు మాత్రల్లో గ్లిమిపిరైడ్ లాంటివి వాడేవాళ్లు ఆల్కహాలు తీసుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. అది అప్పటికప్పుడే కాక, కొన్ని గంటలు గడిచి అర్ధరాత్రి నిద్రలో కూడా జరగొచ్చు. తూలడం, మాట తడబడటం చూసి అందరూ మత్తు అనుకుంటారు. మెట్ఫార్మిన్‌తో కూడా ఎక్కువగా తాగడం మంచిది కాదు. ఆయన మాత్రల పేర్లు రాసుకుని, తెనాలిలో చూసే డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చేసి అడగండి. అత్తయ్యగారు మీవారి సంగతి మీకొదిలేశారు సరే, మామయ్యగారి సంగతి ఆవిడదే. ఈ విషయం ఆవిడ చెవిన వేయండి చాలు.

తోడికోడలి గురించి మీరు ఒక్క ముక్కే రాశారు. నాకైతే ఆవిడ కిటికీ దగ్గర నిలబడి, మంచులో కారు లైట్ల కోసం చూస్తున్నట్టే కనిపిస్తోంది. ఆవిడకిది పది రోజుల వ్యవహారం కాకపోవచ్చు, ఏడాది పొడవునా ఉన్నదే కావచ్చు. వెళ్లేముందు ఆవిడకి ఫోన్ చేసి, ఫోర్ట్ కాలిన్స్ దారిలో ఏం జరిగిందో మీకు తెలిసిందని చెప్పండి. బావగారితో మీరు నేరుగా మాట్లాడటం కుదరకపోవచ్చు. ఆవిడ మాట్లాడగలదు, మీవారు మాట్లాడగలరు. ఇద్దరూ కలిసి ఇంకొకటి కూడా తేల్చుకోండి. ఆ పది రోజుల్లో రెండు మధ్యాహ్నాలు వంటిల్లూ పిల్లలూ అన్నదమ్ములవి. మీరిద్దరూ ఎక్కడికైనా వెళ్లండి. ఎక్కడికని ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

బాబుతో మీవారు మాట్లాడారో లేదో నాకు రాయండి. ఆయన "వాడు ఎప్పుడో మర్చిపోయుంటాడు, ఇప్పుడెందుకు కెలకడం" అనవచ్చు. పది నెలలు మర్చిపోలేదని చెప్పండి.