కాన్పు సెలవులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేమిద్దరం బెంగళూరులో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులం. నా భార్య తొలి కాన్పు కర్నూలులో, పుట్టింట్లో. నన్ను ఈఎల్ (ఆర్జిత సెలవు) పెట్టుకోమంటున్నారు ఆఫీసులో. ఆమె 180 రోజుల సెలవు అయ్యాక బిడ్డ కోసం ఇద్దరిలో ఎవరు సెలవు పెట్టొచ్చు?
- ఓ పాఠకుడు, మారతహళ్లి

జవాబు: ఈఎల్ జోలికి వెళ్లకండి. కేంద్ర ఉద్యోగుల సెలవుల నిబంధనలైన సీసీఎస్ లీవు రూల్సులో 43-ఏ కింద మీకు 15 రోజుల పెటర్నిటీ లీవు (తండ్రికిచ్చే సెలవు) ఉంది. జీతం పూర్తిగా వస్తుంది, మీ సెలవుల ఖాతాలోంచి ఒక్క రోజు కూడా తగ్గదు. బతికున్న పిల్లలు ఇద్దరి కంటే తక్కువ ఉంటే చాలు. దరఖాస్తులో రూలు నంబరు రాయండి, కాన్పు తేదీ ఉన్న డాక్టరు సర్టిఫికెట్ జత చేయండి. కర్నూలు వెళ్తున్నారు కాబట్టి హెడ్‌క్వార్టర్స్ (పనిచేసే ఊరు) వదిలే అనుమతి కూడా అందులోనే అడగండి.

ఎక్కువ మంది పొరపాటు పడేది తేదీల దగ్గరే. ఈ సెలవు కాన్పుకు 15 రోజుల ముందు నుంచి, కాన్పయ్యాక ఆరు నెలల లోపు వాడుకోవచ్చు. గడువు దాటితే మురిగిపోతుంది, తర్వాతి కాన్పుకు కలవదు. తొలి కాన్పు డాక్టరు చెప్పిన రోజునే కావాలని లేదు. ముందే వెళ్లి కూర్చుంటే, తీరా తల్లీబిడ్డా ఇంటికొచ్చే వేళకు మీ సెలవు అయిపోతుంది. అందుకే కాన్పు రోజు నుంచి పెట్టుకోవడం మేలని మా సలహా.

180 రోజుల తర్వాత సీసీఎల్, అంటే పిల్లల సంరక్షణ సెలవు (చైల్డ్ కేర్ లీవు), ఆమెకే. మగవారిలో ఒంటరి తండ్రులకే అది వర్తిస్తుంది. సర్వీసు మొత్తానికి 730 రోజులు: మొదటి 365 రోజులకు పూర్తి జీతం, మిగతా 365కు 80 శాతం. ఒక్కో విడత కనీసం 5 రోజులు, ఏడాదికి మూడు విడతలు మించకూడదు. మధ్యలో పడే శని, ఆదివారాలు కూడా లెక్కలోకి వస్తాయి. బిడ్డకు 18 ఏళ్లు నిండేదాకా వాడుకోవచ్చు కాబట్టి అంతా ఇప్పుడే ఖర్చు చేయకండి, పదో తరగతి పరీక్షలప్పుడూ అవసరమవుతుంది. మంజూరు కాకుండా మాత్రం ఆమెను ఇంట్లో ఉండిపోనివ్వకండి. ఇది హక్కుగా అడిగే సెలవు కాదు.

ప్రశ్న: నేను కర్ణాటక ప్రభుత్వ ఉద్యోగిని. నాకూ 730 రోజులు వస్తాయా?
- ఓ పాఠకురాలు, కె.ఆర్.పురం

జవాబు: రావమ్మా. పైన చెప్పినవి కేంద్ర ఉద్యోగుల రూల్సు. కర్ణాటకలో మహిళా ఉద్యోగులకు పిల్లల సంరక్షణ సెలవు మొత్తం సర్వీసులో 180 రోజులే. ప్రభుత్వ రంగ సంస్థల్లో పనిచేసేవారికైతే ఈ రెండూ కాదు, వారి సంస్థ సొంత లీవు రూల్సే చూసుకోవాలి.