హన్నెస్‌ని ఎవరు పిలుస్తున్నారు?

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. బ్రెజిల్ దక్షిణ కొసన, రియో గ్రాండే దో సుల్‌లో హున్స్‌రిక్ అనే జర్మన్ యాస మాట్లాడే రైతు కుటుంబాన్ని ఎంచుకున్నావు. సంతోషం వేసింది. పిల్లాడి పేరు గురించి రాసిన ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను: "హన్నెస్ అంటే దేవుడు దయ చూపాడు అని అర్థం." నిఘంటువుకు అది సరిపోతుంది. కథకు చాలదు.

ఆ పేరు నడిచొచ్చిన దారి చూడు. హీబ్రూలో యోహానాన్. 'యో' అంటే యెహోవా, 'హానాన్' అంటే దయ చూపాడు. గ్రీకు, లాటిన్ దాటి జర్మన్‌లోకి వచ్చేసరికి యొహన్నెస్ అయింది. మన బైబిల్లో యోహాను. మనం సుబ్రహ్మణ్యాన్ని సుబ్బు అంటాం, మొదలు ఉంచుకుని చివర వదిలేస్తాం. జర్మన్లు 'హన్' మీద ఒత్తి పలుకుతారు కాబట్టి ముందున్న 'యో' అరిగిపోయి హన్నెస్ మిగిలింది. దేవుడి పేరు జారిపోయి దయ ఒక్కటే నిలిచిందన్నమాట. నాకిది ఎంత అందంగా అనిపిస్తుందో చెప్పలేను. అయినా కథలో ఆ మాట నువ్వు చెప్పొద్దు. మొక్కజొన్న చేలోంచి కొడుకుని కేకేసే తల్లికి హీబ్రూ ఎక్కడిది?

ఆమెకు తెలిసినవి వేరే ఉంటాయి. బైబిల్లో యోహాను ప్రవక్త పుట్టినప్పుడు బిడ్డకి తండ్రి జెకర్యా పేరే పెట్టాలని బంధువులు పట్టుబడితే, కాదు యోహానే అని తల్లి ఎలీసబెతు నిలబడటం, మాట పడిపోయిన జెకర్యా పలక మీద అదే పేరు రాయడం చర్చిలో విని ఉంటుంది. జర్మనీలోని హున్స్‌ర్యూక్ కొండల్లో షిండర్‌హన్నెస్ అనే దొంగ ఉండేవాడనీ, 1803లో మైంజ్‌లో వాడి తల తీశారనీ తాతలు చెప్పి ఉండొచ్చు. రియో గ్రాండే దో సుల్‌లోని సావో లియోపోల్డోలో మొదటి జర్మన్ వలసదారులు దిగింది 1824 జులై 25న. అప్పటికి ఆ దొంగ చచ్చి ఇరవై ఏళ్లే. ఒకే పేరులో ప్రవక్తా ఉన్నాడు, దొంగా ఉన్నాడు.

నీ కథాకాలం బ్రెజిల్ నియంత వర్గాస్ పాలన. 1938లో బడి చదువంతా పోర్చుగీసులోనే సాగాలన్నారు. ఇంట్లో హన్నెస్ అయిన పిల్లాడు బడిలో జువావ్ అయ్యాడని రాశావు. జువావ్ కూడా ఆ లాటిన్ పేరులోంచి పుట్టిందే, అక్కడ 'న' కరిగి ముక్కులోకి వెళ్లిపోయింది. అర్థం మారలేదు. మరి పిల్లాడికి ఎందుకు కష్టమైంది? నువ్వు రాయాల్సింది అది.

1942లో బ్రెజిల్ యుద్ధంలో దిగాక వీధిలో జర్మన్ మాట వినబడితే పట్టుకెళ్లిన రోజులున్నాయి. ఆ తల్లిని సంతకి పంపు. జనంలో పిల్లాడు తప్పిపోవాలి. పక్కనే పోలీసు ఉండాలి. పేరు గొంతు దాకా వస్తుంది.

ఆ సీన్ మళ్లీ రాయి. ఆమె ఏమని పిలిచిందో నాకు పంపు.

మీ అన్నయ్య