కీమో నడుస్తుండగా రాత్రి జ్వరం వస్తే దగ్గరి ఆసుపత్రికి వెళ్లాలా, కీమో ఇచ్చిన చోటికేనా?

మీ నాన్నగారికి కీమో ఇచ్చే ఆసుపత్రి రెండు గంటల దూరం, అర్ధరాత్రి జ్వరమొస్తే ఎటు వెళ్లాలి అని అడిగారు కదా. దగ్గరి దానికే వెళ్లండి. మేం చేసిన తప్పు మాత్రం చేయకండి.

అమ్మకి రొమ్ము క్యాన్సర్. రెండో కీమో అయిన పదో రోజు రాత్రి పదకొండింటికి దుప్పటి అడిగింది. మే నెలలో! థర్మామీటర్ పెడితే 100.8. "డోలో వేద్దాం, పొద్దున్నే చూద్దాం" అన్నారు నాన్న. వేశాం. చెమటపట్టి 99కి దిగితే హమ్మయ్య అనుకున్నాం. రెండింటికి ఒళ్లంతా వణుకు, 102.

దగ్గర్లోని క్యాజువాలిటీకి పరిగెత్తాం. కౌంటర్లో "జ్వరం" అన్నాను. టోకెన్ ఇచ్చి, దగ్గుతున్నవాళ్ల మధ్య బెంచీ మీద కూర్చోబెట్టారు. నలభై నిమిషాల తర్వాత డ్యూటీ డాక్టర్ అమ్మ తలకి కట్టిన స్కార్ఫ్ చూసి "కీమోలో ఉన్నారా?" అన్నారు. అప్పుడు మొదలైంది హడావిడి. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకి రక్తం తీసి, రిపోర్టు కోసం ఆగకుండా యాంటీబయోటిక్ ఎక్కించారు. న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) 180 ఉన్నాయని తర్వాత తెలిసింది.

చాలా కీమో మందులకి ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాలు బాగా పడిపోతాయి. న్యూట్రోఫిల్స్ 500 కన్నా తగ్గితే చిన్న ఇన్ఫెక్షన్ కూడా గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. చీము పట్టడానికి కూడా కణాలుండవు, చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. డోలోతో మేం దాన్నే దాచేశాం. 100.4 దాటితే బయల్దేరడమే. ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయోటిక్ పడాలంటారు. ఆర్‌ఎంపీ దగ్గర నడుముకి సూది వేయించకండి, ప్లేట్‌లెట్స్ కూడా తగ్గి ఉంటే సూది గుచ్చిన చోట లోపల రక్తం కారి గడ్డలా పేరుకుంటుంది.

రాత్రంతా ల్యాబ్ ఉండే ఆసుపత్రి ఏదో పగలే వెళ్లి కనుక్కోండి. దారిలోనే కీమో ఇచ్చిన ఆసుపత్రి ఆంకాలజీ (క్యాన్సర్) వార్డుకి ఫోన్ కొట్టి, దగ్గరి ఆసుపత్రి డాక్టర్‌తో మాట్లాడించండి. డిశ్చార్జ్ సమ్మరీ, చివరి సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టు మా ఇంట్లో తలుపు పక్కన మేకుకి గుడ్డసంచీలో వేలాడేవి. పైన అట్టముక్క మీద కీమో తేదీ, నాన్న రాసిన పెద్దక్షరాల్లో.

నాలుగో కీమోకి మళ్లీ జ్వరమొచ్చింది. అదే కౌంటర్. "కీమో పేషెంట్, ఇవాళ తొమ్మిదో రోజు, జ్వరం 100.6" అన్నాను. టోకెన్ ఇవ్వలేదు, వీల్‌చైర్ తెచ్చారు.