అక్షరాలు రాని పిల్లలకు పుస్తకాలు ఇస్తే ఉపయోగం ఉంటుందా?

మీ ఊరి అంగన్‌వాడీలో ఉన్న ముప్ఫై మంది పిల్లలకు ఉచితంగా పుస్తకాలు పంచాలనుకుంటున్నామని, కానీ అక్షరాలే రాని పిల్లలు వాటిని చింపి పారేస్తారని పెద్దలు వారిస్తున్నారని రాశారు. ఈ ఖర్చు వృథా కాదని నేను నమ్మకంగా చెప్పగలను. పుస్తకాలు పిల్లల చేతికి చేరినప్పుడు ఏం జరుగుతుందో, చేరనప్పుడు ఏం జరుగుతుందో రెండూ నేను దగ్గర నుండి చూశాను.

మేము అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి పుట్టగానే ఇమాజినేషన్ లైబ్రరీలో పేరు నమోదు చేయించాం. గాయని డాలీ పార్టన్ తాను పుట్టి పెరిగిన సెవియర్ కౌంటీ పిల్లల కోసం 1995లో మొదలుపెట్టిన కార్యక్రమం ఇది. పేరు నమోదైన బిడ్డకు ఐదేళ్ళు నిండే దాకా నెలకొక పుస్తకం తపాలాలో ఇంటికే వస్తుంది, తల్లిదండ్రుల ఆదాయం ఎవరూ అడగరు. 2004లో టెన్నెసీ ప్రభుత్వం చేయి కలిపి సగం ఖర్చు భరించడం మొదలుపెట్టాక ఇది రాష్ట్రంలోని 95 కౌంటీలకూ విస్తరించింది, ఆ తరువాత కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఐర్లండ్ దేశాలకూ వెళ్ళింది. 2018 నాటికి పంచిన పుస్తకాల సంఖ్య పది కోట్లకు చేరింది. తన తండ్రికి చదవడం, రాయడం రాకపోవడమే ఈ ఆలోచనకు ప్రేరణ అని ఆమె అనేకసార్లు చెప్పారు.

పుస్తకం మీద చిరునామాతో పాటు మా అమ్మాయి పేరు అచ్చయి ఉండేది. రెండేళ్ళ పిల్లకు ఆ పేరు చదవడం రాకపోయినా అది తనదేనని తెలుసు, అందుకని పోస్టు డబ్బా దగ్గర నుండి ఇంటి గుమ్మం దాకా పుస్తకాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. చింపలేదా అంటే చింపింది. మొదటి ఏడాది మూలలు నమిలింది, రెండు మూడు పేజీలు ఊడగొట్టింది. ఆ పేజీలను తనను పక్కన కూర్చోబెట్టుకుని టేపుతో అతికించేవాళ్ళం. కొంతకాలానికి పేజీ కొద్దిగా చిరిగినా తనే టేపు పట్టుకుని వచ్చేది.

ఆ రోజుల్లో మా అత్తగారు ఆరు నెలలు మా దగ్గర ఉన్నారు. ఆవిడ చదువు తెలుగులో ఐదో తరగతి దాకా సాగింది, ఇంగ్లీషు రాదు. మనవరాలు పుస్తకం తెచ్చి ఒళ్ళో పెడితే కాదనలేక బొమ్మలు చూసి కథ చెప్పడం మొదలుపెట్టారు. స్నానాల తొట్టిలో కూర్చున్న ఎలుగుబంటి పిల్ల బొమ్మ వచ్చినప్పుడు, "ఇది తలంటు వద్దని మారాం చేస్తోందే, వాళ్ళమ్మేమో కుంకుడుకాయలు నానబెట్టింది" అని చెప్పారట. మరునాడు రాత్రి నేను అదే పుస్తకాన్ని అచ్చులో ఉన్నట్టు చదివితే, మా అమ్మాయి ఆపి "కుంకుడుకాయలేవీ?" అని అడిగింది. చదువు రాని ఇంట్లో పుస్తకం ఎందుకన్న ప్రశ్నకు నాకు ఆ రాత్రే జవాబు దొరికింది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని బొమ్మ చూపిస్తూ మాట్లాడే పెద్ద మనిషి ఒకరు ఉంటే, పుస్తకాన్ని ఏ వైపు పట్టుకోవాలో, పేజీ ఎటు తిప్పాలో, మాటలు ఎడమ నుండి కుడికి నడుస్తాయని బిడ్డకు బడికి వెళ్ళకముందే తెలిసిపోతుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా పుట్టినప్పటి నుండే బిడ్డకు చదివి వినిపించాలని 2014లో సూచించింది.

ఇక పుస్తకాలు చేతికి చేరని అనుభవం మా సొంత ఊరిది. ఒక వేసవిలో ఊరికి వెళ్ళినప్పుడు అరవై పుస్తకాలు కొని ఒక అంగన్‌వాడీకి ఇచ్చి వచ్చాను. మరుసటి ఏడాది వెళ్ళేసరికి అవి కట్ట కూడా విప్పకుండా బీరువాలో తాళం వేసి ఉన్నాయి. నాకు చాలా బాధ కలిగింది, కానీ అక్కడి టీచరును తప్పుపట్టలేను. రిజిస్టరులో ఎక్కిన వస్తువు చిరిగినా పోయినా జవాబు చెప్పుకోవలసింది ఆవిడే. అందుకని ఈసారి పుస్తకాలను కేంద్రానికి కాకుండా నేరుగా పిల్లలకే ఇచ్చాను. చిన్నపిల్లల తల్లులు బాలామృతం ప్యాకెట్ల కోసం నెలకొకసారి ఎలాగూ వస్తారు కాబట్టి, ఆ రోజే లోపలి అట్ట మీద బిడ్డ పేరు రాసి ఒక్కొక్క పుస్తకం వాళ్ళ చేతికి ఇచ్చాం. పెద్ద పిల్లల తల్లులను కూడా అదే రోజు రమ్మన్నాం. రెండు నెలలు నేను చూసుకున్నాను, ఆ తరువాత మా వదిన ఆ బాధ్యత తీసుకున్నారు.

మీ దగ్గర ఉన్న డబ్బుతో ఒకేసారి సంచీ నిండా ఇవ్వడం కన్నా, రెండు నెలలకు ఒకటైనా సరే, క్రమం తప్పకుండా ఇవ్వండి, ఎందుకంటే ఎదురుచూడటం పిల్లలకు ఎంతో ఇష్టం. ‘మంచి పుస్తకం’, ‘ప్రథమ్ బుక్స్’ అనే ప్రచురణ సంస్థల తెలుగు పుస్తకాలు ఈ వయసుకు బాగా సరిపోతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో ఉన్న కథలను ఉచితంగా దింపుకుని అచ్చు వేయించుకోవచ్చు కూడా. రెండేళ్ళ లోపు వారికి మాత్రం దళసరి అట్ట పేజీల పుస్తకాలే ఇవ్వండి. ఏ ఫర్ యాపిల్ తరహా పుస్తకాలు దయచేసి వద్దు. అవి ఇస్తే తల్లిదండ్రులు అక్షరాలు అప్పజెప్పించుకోవడం మొదలుపెడతారు, పిల్లలకు పుస్తకమంటే భయం పట్టుకుంటుంది.

"నాకు చదువు రాదమ్మా, నాకెందుకు?" అని మీకూ తప్పకుండా ఎవరో ఒకరు అంటారు. మా ఊళ్ళో కూలి పనికి వెళ్ళే ఒకామె అలాగే అంటే, పుస్తకం తెరిచి చెరువులో పడుకున్న గేదె బొమ్మ చూపించి ఇదేం చేస్తోందో మీ వాడికి చెప్పమన్నాను. ఆమె కొంచెం సిగ్గుపడి, తమ గేదె తాడు తెంపుకుని చెరువులో దిగిన కథ మొదలుపెట్టింది. మూడేళ్ళ కొడుకు ఆమె ఒళ్ళోకి ఎక్కి కూర్చుని బొమ్మ మీద వేలు పెట్టాడు. మరుసటి నెల నేను సంచీ తెరవకముందే ఆమె వచ్చి, ఈసారి పుస్తకంలో గేదె ఉందా అని అడిగింది.