‘వాతావరణం’ కోసం ఏటా 93 వేలా?

ప్రశ్న: సార్, మాది జడ్చర్ల. మా ఆయన పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేస్తారు. చేతికి 24 వేలు వస్తాయి. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, నెలకు 4 వేల దాకా వస్తాయి. పాప ఐదో తరగతి అయిపోయింది. బాగానే చదువుతుంది. ఇప్పుడు చదివే ప్రైవేటు స్కూలు ఐదు వరకే ఉంది. ఊళ్లో ఒక టెక్నో స్కూల్లో అడిగితే ఆరో తరగతికి ఫీజు 55 వేలు, ఐఐటీ ఫౌండేషన్‌కి 15 వేలు, బస్సుకి 14 వేలు, పుస్తకాలు, యూనిఫాంకి 9 వేలు అన్నారు. టెస్ట్ పెట్టి పాప సెలెక్ట్ అయిందని చెప్పారు. సీటు పోతుందంటే 5 వేలు అడ్వాన్స్ కట్టాం. మిగతాదానికి చిట్టీ ఎత్తాలి. ఇంటికి అర కిలోమీటరులో జిల్లా పరిషత్ హైస్కూల్ ఉంది, మా ఆయన అక్కడే వేద్దామంటున్నారు. అక్కడి వాతావరణం ఎలా ఉంటుందోనని నా భయం. మా బావగారి పిల్లలిద్దరూ టెక్నోలోనే చదువుతున్నారు. రేపు పెద్దయ్యాక పాప మమ్మల్ని అడిగితే ఏం చెప్పాలి? సర్కారు బడి, ప్రైవేటు బడి రెండింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, ఎండలు ముదిరాయంటే ఈ ఉత్తరం నాకు వచ్చేస్తుంది. ఊరి పేరు మారుతుంది, ఫీజు అంకె మారుతుంది, అంతే. రాసింది తల్లయితే సర్కారు బడి అనేది తండ్రి, రాసింది తండ్రయితే తల్లి. ఒక బావగారో తోడికోడలో మాత్రం తప్పకుండా ఉంటారు. కాబట్టి ముందు మీరు అడగని ప్రశ్నకు జవాబు చెప్తాను.

మీరు ‘వాతావరణం’ అని రాశారు. ఆ మాట కింద ఏముందో నాకు తెలుసు, మీకూ తెలుసు. బెంచీ మీద మీ పాప పక్కన ఎవరు కూర్చుంటారు అన్నదే కదా? అక్కడ చదివే పిల్లల తల్లుల్లో కొందరు మీ దగ్గరే బ్లౌజులు కుట్టించుకుంటూ ఉంటారు. తండ్రుల్లో కొందరు మీ ఆయనతో ఒకే షిఫ్టులో పనిచేస్తూ ఉంటారు. వాళ్లింటి ఆడపిల్ల మీ పాప పక్కన కూర్చుంటే పాడయ్యేదేమిటో ఒకసారి పైకి అని చూడండి. అనలేరు. నేనిలా అంటే మీకు కోపం రావచ్చు, రానివ్వండి. దాచుకుంటే మాత్రం ఈ భయం ఏటా 93 వేలు అడుగుతుంది.

ఇప్పుడు లెక్క. మీ ఇద్దరి సంపాదన ఏడాదికి 3 లక్షల 36 వేలు. టెక్నో స్కూల్ వాళ్లు చెప్పినవన్నీ కలిపితే 93 వేలు, అంటే నాలుగో వంతు దాటిపోయింది. ఫీజు ఒక్క రూపాయి పెరగదనుకున్నా పదో తరగతి అయ్యేసరికి 4 లక్షల 65 వేలు. పెరగకుండా ఉంటుందా? ఆ తర్వాత ఇంటర్ ఉంది, ఆపైన ఇంజినీరింగో డిగ్రీయో ఉంది. డబ్బు నిజంగా అక్కరకొచ్చేది అప్పుడు. పాప పదో తరగతికి వచ్చేసరికి ఇంట్లో చిట్టీలన్నీ ఎత్తేసి, మెడలో గొలుసు బ్యాంకులో పెట్టి, ఇంటర్ ఫీజు దగ్గర చేతులెత్తేసిన తల్లిదండ్రులు నా ఎదురుగా చాలామంది కూర్చున్నారు. ‘ఆరో తరగతిలో తొందరపడ్డాం సార్’ అనే మాట వాళ్ల నోట ఎన్నిసార్లు విన్నానో.

ఆ ‘సెలెక్ట్ అయింది’ సంగతి కూడా చెప్పాలి. ఎనిమిదో తరగతి వరకు పిల్లల్ని చేర్చుకోవడానికి టెస్ట్ పెట్టి వడపోయకూడదని విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. పెట్టిన బడికి మొదటిసారి 25 వేల దాకా జరిమానా వేయొచ్చు. ఆ చట్టం 2010 నుంచి అమల్లో ఉంది, ఈ టెస్టులూ అప్పటినుంచీ జరుగుతూనే ఉన్నాయి. వాటిలో ఫెయిలైన పిల్లను మాత్రం నేనింతవరకు చూడలేదు.

ఇక ఆరో తరగతి ఐఐటీ ఫౌండేషన్. దీని గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే ఒకప్పుడు నేనూ చేర్పించమని చెప్పినవాణ్ణే. చిన్నప్పటినుంచే పునాది పడితే మంచిదేగా అనుకునేవాణ్ణి. నా నమ్మకం సడలింది ఆ పిల్లలు పదో తరగతి అయ్యాక నా దగ్గరికి రావడం మొదలైనప్పుడు. ఐదేళ్లు ఫౌండేషన్ చదివిన పిల్ల ‘ఏ గ్రూపైనా పర్వాలేదు, మ్యాథ్స్ మాత్రం వద్దు’ అంటుంది. ఒకరిద్దరంటే సరేలే అనుకునేవాణ్ణి.

నిరుడు ఏడో తరగతి పిల్లవాడొకణ్ణి తీసుకొచ్చారు. బ్యాగు దించితే టేబుల్ కదిలింది. లోపల ఇటుకల్లాంటి మెటీరియల్, ప్రతి పేజీలో ఏ, బీ, సీ, డీ. ఊరికే మాటల్లో పెట్టి అడిగాను: ‘కిలో టమాటా 24 రూపాయలు. రెండున్నర కిలోలు తీసుకుని వంద నోటిస్తే ఎంత తిరిగొస్తుంది?’ వాడు ఫ్యాన్ వంక చూశాడు. తర్వాత నా వంక చూసి, చాలా మర్యాదగా, ‘ఆప్షన్స్ ఏంటి సార్?’ అన్నాడు. తండ్రి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తెలివి తక్కువ పిల్లవాడు కాదు వాడు. కాగితం ఇస్తే రెండు నిమిషాల్లో గీసి 40 అని చెప్పాడు. కానీ లెక్క అంటే నాలుగింట్లో ఒకటి ఎంచుకోవడమని వాడికి ఎవరో నేర్పేశారు.

ఐఐటీ సీటు కోసం రాసే జేఈఈ పరీక్షలో అడిగేది ఇంటర్ రెండేళ్ల సిలబస్. దానికి ఆరో తరగతి పిల్లకు కావలసింది భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తి తడుముకోకుండా రావడం, ఒక పేరా చదివి తన మాటల్లో చెప్పగలగడం. అవి మామూలు ఆరో తరగతి పుస్తకంలోనే ఉన్నాయి. 15 వేలు అదనంగా కట్టి కొనుక్కోవలసినవి కావు. తీరా ఇంటర్‌లో చేరాక చాలా కాలేజీలు మొదటి వారాల్లోనే బ్రిడ్జ్ కోర్సు అని మళ్లీ మొదటినుంచి చెప్తాయి. ఫౌండేషన్ చదివినవాళ్లూ చదవనివాళ్లూ ఒకే గదిలో కూర్చుంటారు. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలు కొందరుంటారు, వాళ్లకు ఫౌండేషన్ ఒక ఆట. మీ పాప అలాంటిదేమో నాకు తెలియదు. మీ ఉత్తరం మొత్తంలో ఆమె గురించి ఉన్నది ఒకే ముక్క: ‘బాగానే చదువుతుంది’. ఫీజులు మాత్రం వేలతో సహా నాలుగు రకాలుగా రాశారు.

పోల్చి చెప్పమన్నారు కదా, ఒక పోలిక మన దగ్గరే చాలా పద్ధతిగా జరిగింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో లాటరీ తీసి, గెలిచిన సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టి చదివించారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆ ఫలితాలను 2015లో ప్రచురించారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో గెలిచిన పిల్లలకూ ఓడిన పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం గెలిచినవాళ్లు బాగా ముందున్నారు, ఎందుకంటే ప్రైవేటు బడులు చిన్న తరగతుల్లోనే హిందీ చెబుతాయి. ఇంకో సంగతి. ఒక్కో పిల్ల మీద సర్కారు పెట్టే ఖర్చులో మూడో వంతు కూడా పెట్టకుండా ప్రైవేటు బడులు ఇదంతా చేశాయి. అందుకు వాళ్లను మెచ్చుకోవాల్సిందే, సర్కారుకు సిగ్గనిపించాల్సిందే. అయితే అవి పల్లెటూళ్ల చిన్న బడులు, ప్రాథమిక తరగతులు. మీ ఊరి టెక్నోకు అదే కొలత యథాతథంగా పెట్టలేం. కాకపోతే ఫీజు కడితేనే చదువొస్తుందని గట్టిగా నమ్మేవాళ్లు ఒకసారి ఆగి ఆలోచించడానికి అది చాలు.

ఇంగ్లిష్ సంగతి మీరు రాయలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదుటి పేజీ తెలుగులో ఉంటుంది. ‘పేరుకే ఇంగ్లిష్, టీచర్లు చెప్పేది తెలుగులోనే’ అంటారు. నిజమే. చాలా ప్రైవేటు బడుల్లోనూ అంతే, బోర్డు మీద రాయరు. నన్నడిగితే, అర్థంకాని ఇంగ్లిష్ పేజీకి ఎదురుగా తెలుగు పేజీ ఉండటం పిల్లకు మేలు.

సర్కారు బడిని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. దానికున్న జబ్బులు మామూలువి కావు. 2024 నవంబరులో ఇంటింటి సర్వేకి టీచర్లను పంపి ప్రాథమిక బడులను ఒంటిపూటకు కుదించారు. కట్టిన మరుగుదొడ్డికి నీళ్లుండవు. హైస్కూళ్లలో ఏళ్లతరబడి లెక్కల టీచరు లేక పిల్లలు నష్టపోయిన బడులున్నాయి. 2024లో 11,062 టీచరు పోస్టులకు డీఎస్సీ పెట్టి చాలావరకు నింపారు, కానీ మీ బడికి ఎవరొచ్చారు అన్నదే మీకు ముఖ్యం.

అందుకే వెళ్లి చూడండి. బావగారు చెప్పారని, నేను రాశానని నిర్ణయించుకోవద్దు. మామూలుగా జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ వారంలో ఒకరోజు మిషన్ ఆపి, ప్రార్థన వేళకు హైస్కూల్ గేటు దగ్గరికి వెళ్లండి. ఎంతమంది టీచర్లు బండ్లు దిగుతున్నారో కనిపిస్తుంది. హెడ్‌మాస్టర్ గారిని కలిసి లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ చెప్పేవాళ్లు ఎవరని అడగండి. ఆడపిల్లల బాత్‌రూంలో కుళాయి తిప్పి చూడండి, మొహమాటపడొద్దు. ఏడో తరగతి పిల్లనొకదాన్ని పిలిచి నోటుబుక్ చూపించమనండి. తప్పుల మీద ఎర్ర సిరా కనబడితే టీచరెవరో వాటిని చదువుతున్నారన్నమాట. ముప్పై పుస్తకాల్లోనూ ఒకే జవాబు, ఒకే కామాతో ఉంటే అది డిక్టేషన్. టెక్నో స్కూల్లోనూ ఇదే పని చేయండి. అక్కడ ఇంకొకటి అడగండి: గత ఏడాది ఆరో తరగతికి లెక్కలు చెప్పిన టీచరు ఈ ఏడాది ఉన్నారా? రిసెప్షన్‌లో ఆ అమ్మాయి మొహం చూడండి, మీకే తెలుస్తుంది.

హైస్కూల్లో ఆ మూడు సబ్జెక్టులకు టీచర్లుంటే పాపను అక్కడే చేర్చండి. మీ ఆయన మాటే నా మాట. లెక్కల టీచరు లేకపోతే, రాబోతున్నారన్న మాటే తప్ప మనిషి కనబడకపోతే, బస్సు అవసరంలేని, ఫౌండేషన్ గోలలేని మామూలు ప్రైవేటు హైస్కూల్ ఏదైనా చూసుకోండి. అందులో తప్పేం లేదు. సర్కారే నడిపే మోడల్ స్కూల్ కూడా ఒక దారే. రాష్ట్రంలో 194 ఉన్నాయి, ఇంగ్లిష్ మీడియం, ఆరు నుంచి ఇంటర్ దాకా. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఈపాటికి అయిపోయి ఉంటుంది, మిగిలిన సీట్లేమైనా ఉన్నాయేమో వెళ్లి కనుక్కోండి. నవోదయకు పాప ఐదో తరగతిలో ఉండగానే రాయించాలి, ఆ అదను దాటిపోయింది. ఈ విషయం మీకు ప్రైవేటు స్కూలు చెప్పి ఉండదు. మీ ఇద్దరిలో ఒకరైనా అడిగి తెలుసుకోవలసింది.

సర్కారు బడి పిల్లకు కలిసొచ్చేవి రెండు చెప్తాను, వీటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలే రాయాలి, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. మీది ఆ గీత లోపలే ఉంది. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏటా 12 వేలు, మొత్తం 48 వేలు వస్తాయి. రెండోది బాసర ట్రిపుల్ ఐటీ. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సులో సీటిస్తారు. హాస్టల్ లేని సర్కారు బడుల్లో చదివిన పిల్లలకు వెనుకబాటు కింద అదనంగా కొంత కలుపుతారు. పదో తరగతిలో మార్కులకు బదులు పదికి ఇన్ని పాయింట్లని జీపీఏ ఇచ్చిన రోజుల్లో అది 0.4. వినడానికి చిన్నదే, సీటు దగ్గర అదే తేల్చేసిన పిల్లలు నాకు తెలుసు.

‘రేపు పాప అడిగితే?’ అన్నారు. అడగదమ్మా. ఇన్నేళ్లలో నా ఎదురుగా కూర్చున్న పిల్లలెవరూ ‘నన్ను సర్కారు బడిలో ఎందుకు వేశారు’ అని తల్లిని నిలదీయలేదు. ‘నా ఫీజు కోసమే వీళ్లిద్దరూ రోజూ గొడవపడతారు’ అని ఏడ్చినవాళ్లున్నారు. సాయంత్రం నాలుగున్నరకు నడిచి ఇంటికొచ్చే పిల్లకు మీరు మిషన్ మీద పనిచేసుకుంటూనే ఒక పేజీ పైకి చదవమని చెప్పొచ్చు. అర్థం మీకు తెలియకపోయినా పర్వాలేదు, ఎక్కడ తడబడుతుందో వింటే తెలుస్తుంది. టెక్నో బస్సు ఆరున్నరకు దించితే పిల్ల తిని పడుకుంటుంది. మీరు మంచి తల్లి అవునా కాదా అన్నది ఫీజు రసీదు మీద రాసి ఉండదు. నిశ్చింతగా ఉండండి.

పాత స్కూల్లో టీసీ తీసుకోండి. బాకీ ఉందనో ఇంకోటనో ఆలస్యం చేసినా భయపడకండి. టీసీ ఆలస్యమైందని సర్కారు బడి పాపను చేర్చుకోకుండా ఆపకూడదు, అదే విద్యాహక్కు చట్టం ఆ మాటా చెప్పింది. చిట్టీ ఎత్తకండి, నడవనివ్వండి.

టెక్నోకు వెళ్లి ఆ 5 వేల అడ్వాన్స్ ఒకసారి అడగండి. తిరిగి ఇస్తే మంచిదే. ఇవ్వకపోతే వదిలేయండి. 5 వేలు పోతాయని 88 వేలు కట్టినవాళ్లను నేను ఏటా చూస్తున్నాను.