కాన్పు తర్వాత తల్లికి డిప్రెషన్ వస్తే బిడ్డ ఎదుగుదల దెబ్బతింటుందా?

బాబుకి నాలుగు నెలలనీ, డాక్టర్ మీకు డిప్రెషన్ అన్నారనీ, మీ వల్ల వాడు వెనకబడతాడేమోనని నిద్ర పట్టడం లేదనీ రాశారు. ఆ భయం నాకు తెలుసమ్మా.

2018లో మా వాడు పుట్టినప్పుడు మేం కూకట్‌పల్లిలో ఉండేవాళ్లం. పాలు, టీకాలు, అన్నీ టైముకే. కానీ వాడి ముఖంలోకి చూసి ఒక్క మాట అనాలన్నా ఓపిక ఉండేది కాదు. మూడో నెలలో వాడు ఉంగా ఉంగా అంటూ నన్నే చూస్తుంటే, నేను గోడ వైపు చూస్తూ కూర్చునేదాన్ని. కొన్నాళ్లకి నన్ను వదిలేసి ఫ్యాను వంక చూడడం మొదలుపెట్టాడు. ఇంట్లోవాళ్లు దిష్టి అన్నారు.

1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికా సైకాలజిస్ట్ ఒక ప్రయోగం చేశాడు. తల్లి కాసేపు ముఖం కదపకుండా బిడ్డ ఎదుట కూర్చోవాలి. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాస్తుంది, ఎంతకీ పలకకపోతే ముఖం తిప్పేసుకుంటుంది. అది చదివి చాలా ఏడ్చాను. తర్వాత డాక్టరమ్మ విడమరిచి చెప్పింది: నెలల తరబడి వైద్యం లేకుండా ఉంటే మాటలు ఆలస్యం కావడం, ఏడుపు, కోపం అదుపు కాకపోవడం లాంటి ముప్పు పెరుగుతుంది, అంతేగానీ తప్పకుండా వస్తాయని కాదు. తల్లికి నయమైతే బిడ్డకీ మేలే. ఈలోగా పలికే మనిషి ఇంకొకరున్నా వాడికి ఆసరానే.

మా ఇంట్లో ఆ మనిషి అమ్మ. నల్గొండ నుంచి వచ్చి, వాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తూ, "ఏంట్రా నాన్నా, వేడిగా ఉన్నాయా?" అని అడిగేది. వాడు ఊ అనేదాకా ఆగేది. చెంబుతో నీళ్లు అందించడం ఒక్కటే నా పని. మందులు మొదలుపెట్టిన ఐదో వారంలో అనుకుంటా, వాడు ఊ అంటే నా నోటి నుంచి "ఆఁ" అని వచ్చేసింది. వాడు తల తిప్పి నా వైపు చూశాడు. ఇప్పుడు స్కూల్లో వాడి కబుర్లు ఆపలేక టీచర్లే విసుక్కుంటున్నారు.

పాలిచ్చే తల్లులకి డిప్రెషన్ తగ్గడానికి సెర్ట్రలిన్ లాంటి మందులు డాక్టర్లు ఇస్తూనే ఉంటారు. పాల గురించి భయపడి మీ అంతట మీరు ఆపేయకండి, వాళ్లనే అడగండి. చచ్చిపోవాలనో, బిడ్డని ఏమైనా చేయాలనో ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకండి, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లండి. మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి రాత్రయినా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు.

రోజంతా ఆడించాలని పెట్టుకోకండి, మీ వల్ల కాదు. మీ బాబుకి స్నానం ఎవరు పోస్తున్నారు? రేపు వాళ్ల పక్కన పీట వేసుకుని కూర్చోండి, చాలు.